మారేడ్‌పల్లి ఆంటీ కుడి భుజం

కొత్తగా డిగ్రీ చేతికొచ్చిన ఆ రోజుల్లో నాకు లోకం మీద ఒకే ఒక్క ఫిర్యాదు ఉండేది. చెప్పిన వ్యాయామం ఎవరూ చెయ్యరు. మాత్రలిస్తే వేసుకుంటారు, సూది అంటే కళ్ళు మూసుకుని పొడిపించుకుంటారు, ఆపరేషన్ అన్నా ఏడుస్తూనో మొక్కుకుంటూనో ఒప్పుకుంటారు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి చెయ్యి పైకెత్తి దించండి అంటే మాత్రం నేనేదో వాళ్ళ ఇల్లు నా పేర రాసిమ్మన్నట్టు చూస్తారు. మర్నాడు వెళ్ళి చేశారా అని అడిగితే ప్రతివాళ్ళూ నా కళ్ళలోకి చూడకుండా చేశామనే అంటారు. ఆ మాట వినగానే నా పళ్ళు పటపటలాడేవి. (ఇప్పటికీ ఆడతాయి. శబ్దం కాస్త తగ్గింది, అంతే.)

మాది చిలకలగూడ. ఫిజియోథెరపీ చదివి బయటపడగానే సికింద్రాబాద్‌లోనే ఒక చిన్న క్లినిక్‌లో చేరాను. క్లినిక్ అంటే రెండు మంచాలు, తలుపు పైన వేలాడే ఒక గిలక, తాడు, గోడకి ఎముకల బొమ్మ, వీటన్నిటికీ అధిపతిగా మా సార్. ఆయన మంచివాడే గానీ ఒక నియమం పెట్టుకున్నాడు. క్లినిక్‌కి నడిచి రాగలిగే పేషెంట్లు సీనియర్లకి, మీరే మా ఇంటికి రండి అనేవాళ్ళు జూనియర్లకి. ఇంటికి రమ్మనేవాళ్ళలో సగం మంది రాలేకపోవడం కాదు, రావడం ఇష్టం లేకపోవడం అని చేరిన వారంలోనే అర్థమైంది. "కొన్నాళ్ళు చూస్త. పని మంచిగుంటే పర్మనెంట్ చేస్త. లేకుంటే ఫోన్లు ఎత్తే కాడ కూసోబెడ్త" అన్నాడు సార్ మొదటి రోజే, నవ్వుతూనే. అన్నేళ్ళు చదివి, మనిషి ఒంట్లో ఉన్న ఎముకలన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేలా బట్టీ పట్టి, చివరికి ఫోన్లెత్తడమా అని నేను బెంగపెట్టుకున్నాను.

అలా నా చేతికొచ్చిన మొదటి కేసు మారేడ్‌పల్లిలో. కుడి భుజం పట్టేసిందట, చెయ్యి పైకి లేవడం లేదట. స్కూటీ మీద కోణాలు కొలిచే స్కేలూ, రబ్బరు బ్యాండ్లూ, రెండు చేతులతో పట్టుకుని ఎత్తడానికి నున్నటి కర్ర ఒకటీ పెట్టుకుని వెళ్ళి బెల్లు కొట్టాను. తలుపు తీసినాయన నన్ను చూడకుండా ముందు గోడ గడియారం చూశాడు. "లేటు" అన్నాడు. రైల్వేలో గూడ్సు బండ్ల గార్డుగా చేసి రిటైరయ్యాడని తర్వాత తెలిసింది. నేను ఆయన్ని ఎదురుగా అంకుల్ అనీ, వెనకాల గార్డు గారనీ అనేదాన్ని. లోపల ఆంటీ దివాను మీద కుడి చేతిని పొట్టకి అదుముకుని, ఎవరో పసిబిడ్డని ఎత్తుకున్నట్టు కూర్చుని ఉంది. వాళ్ళది విజయనగరం వైపు. ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. ఆంటీ నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఏటమ్మా, ఇంత చిన్నపిల్లని పంపించీసేరు మీ వాళ్ళు? నీకు నా చెయ్యి ఎత్తడం వచ్చునా?" అంది. వచ్చునని చెప్పాను. "పెళ్ళయిందా?" అంది. కాలేదని చెప్పాను. ఆ రెండో జవాబుతో నా అర్హతల మీద ఆవిడకి ఉన్న అనుమానం ఇంకాస్త బలపడినట్టు కనిపించింది.

మొదట్లో నొప్పి నిజమే, అందులో నాకిప్పటికీ అనుమానం లేదు. చెయ్యి భుజం ఎత్తుకి కూడా రావడానికి మొరాయించేది, ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. వేడి కాపడం పెట్టి, మెల్లగా కదిలించి, ఇంక ఇంట్లో చెయ్యాల్సిన వ్యాయామాలు మొదలుపెట్టాను. వంగుని చెయ్యి వేలాడదీసి గుండ్రంగా తిప్పడం, గోడ మీద వేళ్ళతో పాకించుకుంటూ చెయ్యి పైకి తీసుకెళ్ళడం, కర్రని రెండు చేతులతో పట్టుకుని తల మీదుగా ఎత్తడం, తువ్వాలుని వీపు వెనక పట్టుకుని పైకీ కిందకీ లాగడం. ఇక్కడే నా అవస్థ మొదలైంది. నోటితో చెబితే ఆంటీకి అర్థం కాదు. "నువ్వు చేసి చూపించమ్మా" అనేది. చేసేదాన్ని. "ఇంకోసారి చెయ్యి, సరీగ్గా చూళ్ళేదు" అనేది. చేసేదాన్ని. "ఆ మోచెయ్యి అలాగ ఉండాలా, ఇలాగ ఉండాలా?" అనేది. రెండు రకాలుగానూ చేసేదాన్ని. పేపరు చదువుకుంటున్న గార్డు గారు కళ్ళజోడు పైనుంచి చూస్తూ ప్లాట్‌ఫారం మీద వినిపించే గొంతుతో లెక్క పెట్టేవాడు. ఆఖరికి నాకు చెమటలు పట్టేవి, ఆంటీ మాత్రం "పాపం, అలిసిపోయేవు, కూచో" అని ఫ్యాను పెంచేది. గంట అయిపోయేది. ఆవిడ భుజం ఎక్కడున్నది అక్కడే ఉండేది. నా భుజాలు మాత్రం దినదినాభివృద్ధి చెందాయి. ఒకనాడు ఏదో ఫంక్షనుకి వెళ్ళబోతూ జాకెట్ వేసుకుంటుంటే చేతులు పట్టలేదు. మా అమ్మ కుట్లు విప్పుతూ, "ఏందే గిట్లయినవ్? గా క్లినిక్కుల సిమెంట్ మూటలు గిట్ల మోపిస్తున్రా ఏంది?" అని అడిగింది.

నేను వెళ్ళే వేళకి వాళ్ళింట్లో ఇంకో కార్యక్రమం నడుస్తుండేది. ఆంటీ పీట మీద కూర్చుని ఉండేది, గార్డు గారు వెనకాల మడత కుర్చీలో కూర్చుని ఆవిడకి జడ వేస్తుండేవాడు. చెయ్యి వెనక్కి వెళ్ళదు కాబట్టి తప్పలేదట. దువ్వెన పళ్ళ మధ్య కరిచి పట్టుకుని, జుట్టుని మూడు పాయలు చేసి, ఒక్కో మెలికా వెయ్యగానే గట్టిగా లాగి సరిచూసుకుని, రైలు పెట్టెకి పెట్టె తగిలించినంత బాధ్యతగా వేసేవాడు. ఆ జడ ఒక పక్కకి వాలి, చివరికొచ్చేసరికి గట్టిగా కర్రలా నిలబడేది. "అది జడా, నూతి చేదకి కట్టిన తాడా?" అనేది ఆంటీ. "కదలకు. కదిలితే పాయ తప్పుతుంది" అనేవాడాయన పళ్ళ మధ్యనుంచే. ఆవిడ నా వైపు తిరిగి (తిరగబోతే ఆయన జుట్టు పట్టుకుని వెనక్కి లాగేవాడు), "చూసేవా అమ్మా నా ఖర్మ. గ్లాసుడు మంచినీళ్ళు తనకి తాను ముంచుకుని తాగని మనిషి చేత తల దువ్వించుకోవలసొచ్చింది" అని నిట్టూర్చేది. నాకు గుండె కరిగిపోయేది. ఈ అవమానం నుంచి ఈ పెద్దావిడని ఎలాగైనా విముక్తురాలిని చెయ్యాలని నాలో నేనే ప్రతిజ్ఞ చేసుకుని, ఇంకాస్త ఉత్సాహంగా గోడెక్కించే వ్యాయామం చేసి చూపించేదాన్ని.

వాళ్ళమ్మాయి మౌలాలిలో ఉండేది. స్కూల్లో లెక్కల టీచరు. నేను అక్కా అనేదాన్ని. ఆవిడ రోజూ మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి, "ఇవాళ ఎంత శాతం తగ్గింది?" అని అడిగేది. నొప్పి శాతాల్లో తగ్గదక్కా అంటే ఒప్పుకునేది కాదు. చివరికి, "సరే, అమ్మ వ్యాయామం చేస్తుంటే వీడియో తీసి పంపు, నేనే చూసుకుంటా" అంది. మర్నాడు ఫోను పట్టుకుని నిలబడ్డాను. ఆంటీ జీవితంలో మొదటిసారి ఎదురు చెప్పకుండా కర్ర అందుకుంది. మెల్లగా ఎత్తింది. కర్ర రొమ్ము దాకా వచ్చింది. అక్కడ ఆగి, కళ్ళు మూసుకుని, కింది పెదవి పంటితో నొక్కి, "అమ్మా" అని సన్నగా మూలిగింది. వీడియో ఆపగానే కళ్ళు తెరిచి, "మొహం బాగా వచ్చిందా?" అని అడిగింది. అప్పుడైనా నాకు అర్థమై ఉండాలి. వయసులో ఉన్న ఆడవాళ్ళకే కాదు, పెద్దవాళ్ళకీ ఫోటోలో బాగా పడాలని ఉంటుంది కదా అనుకున్నాను. నేను చెయ్యి పట్టుకుని ఎత్తబోయినా భుజం అదే చోట బిగుసుకునేది. పుస్తకాల్లో రాసిందీ అదే మరి. ఆవిడే కండరాలు బిగిస్తోందని గ్రహించడానికి పుస్తకాలు కాక ఇంకాస్త అనుభవం కావాలి. అది నా దగ్గర లేదు.

వీడియో చూసిన అక్క మా సార్‌కి ఫోన్ చేసింది. సార్ నన్ను పిలిచాడు. "ఏందమ్మా గిది? ఇన్ని దినాల సంది పోతున్నవ్, ఆమె చెయ్యి ఆడనే ఉంది. మౌలాలి మేడం ఫోన్ మీద ఫోన్ జేసి పరేషాన్ జేస్తున్నరు" అన్నాడు. నేను ఏదో సర్ది చెప్పబోయాను. "జెర ఆగు. శనివారం నేనే వస్త. చూస్త. బాగలేదంటే సర్జన్ దగ్గరికి పంపుదం. మత్తు ఇచ్చి ఆయనే చెయ్యి వదులు చేస్తడు. నువ్వు ఫోన్ల కాడ కూసో కొన్ని దినాలు" అన్నాడు. మత్తు సంగతి ఆంటీకి చెబితే భయపడైనా చేస్తుందేమోనని ఆశపడి వెళ్ళి చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. గార్డు గారు పేపరు దించాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. "శనివారం రానీ, చూద్దాం" అంది ఆంటీ చివరికి. కర్ర మాత్రం ముట్టుకోలేదు.

గురువారం నాడు ముందు వెళ్ళాల్సిన పేషెంటు రావద్దనడంతో మారేడ్‌పల్లికి తొందరగా చేరుకున్నాను. స్కూటీ ఆపుతుంటే మేడ మీద ఎవరో అదిలిస్తున్న గొంతు వినిపించింది. ఆ కాలనీలో కోతుల బెడద ఉండేది. బయటి వైపున్న మెట్లెక్కి చూద్దును కదా, మా ఆంటీ. నీళ్ళ ట్యాంకు మీద ఇంత కోతి, దాని ఒళ్ళో గార్డు గారి తెల్ల చొక్కా. ఆంటీ చేతిలో నేను తెచ్చిచ్చిన వ్యాయామం కర్ర. "ఇస్తావా, ఇవ్వవా?" అని దాన్ని ఒకసారి అడిగి, కుడి చెయ్యి తల మీదుగా నిటారుగా పైకెత్తి, వెనక్కి వంచి, ఈటె విసిరినట్టు విసిరింది. కోతి చొక్కా వదిలి పక్క మేడ మీదకి దూకింది. కర్ర ట్యాంకుకి తగిలి దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. కోణాలు కొలిచే స్కేలు నా సంచిలోనే ఉంది గానీ తియ్యాల్సిన అవసరం లేకపోయింది. అంతకంటే పైకి మనిషి చెయ్యి వెళ్ళదు.

ఆంటీ తిరిగి నన్ను చూసింది. గాల్లో ఉన్న చెయ్యి మెల్లగా, మర్యాదగా కిందికి దిగి పొట్టమీదకి చేరింది. మొహం మీదికి వీడియోలో కనిపించిన బాధ వచ్చింది. "అబ్బా, కలుక్కుమంది" అంది.

నాకు ఏడుపొచ్చింది. కోపంతోనే. "ఆంటీ, ఎప్పటి నుంచి?" అన్నాను.

"ఏటి?"

"చెయ్యి. ఎప్పటి నుంచి లేస్తోంది?"

ఆవిడ మెట్ల వైపు ఒకసారి తొంగి చూసి, నా చెయ్యి పట్టుకుని (కుడి చేత్తోనే, గట్టిగా) ట్యాంకు నీడలోకి లాగింది. "మెల్లిగా మాటాడు. దసరాకే తగ్గిపోయింది" అంది. దసరా వెళ్ళి ఎన్నాళ్ళయిందో, అప్పటి నుంచి నేను ఎన్ని గోడలెక్కానో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఆవిడే చెప్పుకొచ్చింది. "నీకు తెలీదమ్మా. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన ఉద్యోగమంతా బండి వెనకాలే. వచ్చేవారు, తినీసి పడుకునేవారు, మళ్ళీ వెళ్ళిపోయేవారు. రిటైరయ్యేక మాటాడతారేమో అనుకున్నాను. పేపరు తెప్పించుకున్నారు. ఎదురుగా కూచుంటే ఆయనకి నోరు పెగలదు. ఈ చెయ్యి పట్టీసేక, జడ వెయ్యడానికి వెనకాల కూచున్నారు చూడు, అప్పుడు మొదలెట్టేరు. ఏవో అడవుల్లో బండి ఆగిపోవడం, లాంతరు పుచ్చుకుని పట్టాల వెంట నడవడం, ఎక్కడో చిన్న స్టేషన్లో ఎవరో వేడి వేడి ఉప్మా పెట్టడం. నాకు ఇవన్నీ ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. నువ్వొచ్చి బెల్లు కొట్టేసరికి ఆపీస్తారు. రోజూ సగంలో ఆగిపోతాది కథ."

ఇప్పుడైతే ఆ మాటలకి నేను అక్కడే కూలబడిపోదును. అప్పుడు నా వయసు అందుకు ఒప్పుకోలేదు. "మంచిదే ఆంటీ. మరి నా ఉద్యోగం సంగతి ఏంది? శనివారం సార్ వస్తడు. మీకు మత్తు ఇప్పిస్తడు, నన్ను ఫోన్ల కాడ కూసోబెడ్తడు" అన్నాను. ఆవిడ నిజంగానే ఆలోచించింది. "నీకు వయసుంది తల్లీ. ఈ ఉద్యోగం కాకపోతే ఇంకోటి దొరుకుతాది. నాకు ఇంకో మొగుడు దొరుకుతాడేటి?" అంది. ఆయనకి మాత్రం చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. చెయ్యి లేచే కోణం మాత్రం ఉన్నదున్నట్టే రాస్తానని నేనూ ఖరాఖండీగా చెప్పాను. ఆ పూట ఇద్దరం ఒకరి మీద ఒకరం అలిగి కూర్చున్నాం. వ్యాయామం ఆవిడా చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు.

శుక్రవారం వెళ్ళేసరికి గార్డు గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. లేటు అనలేదు. "అమ్మా, ఒక మాట" అని స్కూటీ పక్కకి వచ్చాడు. "రేపు మీ సార్ వచ్చి చూస్తే, ఆవిడ చెయ్యి లేస్తోందో లేదో ఆయనకి తెలిసిపోతుందా?"

తెలిసిపోతుందన్నాను.

ఆయన గొంతు తగ్గించాడు. "ఆవిడకి తగ్గిపోయింది. నాకు తెలుసు."

హెల్మెట్ విప్పుతున్న చేతులు అలాగే ఉండిపోయాయి. "మీకెట్ల తెలుసు అంకుల్?"

"నిద్దట్లో దోమల్ని కొడుతుంది. కుడి చేత్తో. నా నెత్తి మీద వాలినవాటిని కూడా" అన్నాడు చాలా గంభీరంగా. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. గొంతు లేచింది కూడా. "చెప్తే ఏటవుతుంది? జడ తనే వేసుకుంటుంది. నేను మళ్ళీ పేపరు చదువుకోవాలి" అన్నాడు. మళ్ళీ తనే, "టైముకి లేచి చెయ్యవలసిన డ్యూటీ నాకు ఇప్పుడు అదొక్కటే ఉందమ్మా. తిడుతుందనుకో. తిట్టినా వింటుంది. నాకు తెలుసు వింటున్నాదని, మెడ కదలదు" అన్నాడు. తనకి తెలుసన్న సంగతి మాత్రం ఆవిడతో చెప్పొద్దన్నాడు.

మీరే చెప్పండి, నేనెవరితో మొత్తుకోవాలి? తగ్గిన రోగం తగ్గలేదని ఆవిడ, తగ్గిందని తెలిసీ తెలియనట్టు ఈయన, ఇద్దరి మధ్యా నిలబడి పిచ్చిదానిలా తువ్వాలు లాగుతూ నేను. పెద్దవాళ్ళని కూడా చూడకుండా ఇద్దరినీ చెరో మూల నిలబెట్టాలనిపించింది. "సార్ రాకుండా ఆపడం నా వల్ల కాదు అంకుల్" అని విసురుగా అనేసి గేటు వైపు నడిచాను. పైన గడియ బిగుసుకుంది. ఆయన తియ్యడానికి వచ్చాడు. కుడి చెయ్యి సగం దాకా ఎత్తి, ఆపేసి, ఒళ్ళంతా పక్కకి వంచి, ఎడమ చేత్తో తీశాడు. గడియ బిగుసుకున్నప్పుడల్లా ఎన్నో నెలలుగా ఆ గేటు ఆయన అలాగే తీస్తున్నాడు. నేను ప్రతిసారీ ఆయన వెనకాలే నడిచి లోపలికి పోతున్నాను.

"అంకుల్, కుడి చెయ్యి ఎత్తుండ్రి" అన్నాను.

"నాకేం? నేను బానే ఉన్నాను."

"ఎత్తుండ్రి."

ఎత్తాడు. భుజం దాటి కొంచెం వెళ్ళి ఆగిపోయింది. నేను పట్టుకుని ఎత్తి చూశాను. బిగిసిన చోట కండరం కాదు, కీలే ఆగుతోంది. వెనక్కి తిప్పితే నడుం దాకా కూడా పోలేదు. నొప్పిగా ఉందా అంటే, "ఎప్పట్నుంచో అంతే. ఎడం చెయ్యి ఉంది కదా" అన్నాడు. అక్కడికక్కడే గేటుకి ఆనించి స్కేలు తీసి కొలిచాను. ఒక పట్టేసిన భుజాన్ని చూసి నేను అంత సంతోషించడం అదే మొదలు. ఆయన నా మొహం చూసి కాస్త భయపడ్డాడు కూడా.

శనివారం మా సార్ వచ్చాడు, మౌలాలి నుంచి అక్క కూడా వచ్చింది. ఆంటీ దివాను మీద చెయ్యి పొట్టకి అదుముకుని, బలికి తెచ్చిన మేక చూపు చూస్తోంది. సార్ కుర్చీ దగ్గరికి లాక్కోబోతుంటే, "సార్, ముందుగాల అంకుల్‌ని చూడుండ్రి" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. నేను నిన్న కొలిచినదంతా చెప్పాను. సార్ ఆయన చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, "అరే, నిజమే. ఇంత బిగుసుకున్నంక గూడ ఎవ్వరికి చెప్పలేదా సార్ మీరు?" అన్నాడు. అప్పుడు నేను, రాత్రంతా కాగితం మీద రాసుకుని బట్టీ పట్టిన మాటలు ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను. ఈయన భుజానికి రెండు చేతులూ ఒకేసారి ముందుకి ఎత్తి పట్టుకుని చేసే పని కావాలి, అలాంటి పని ఈ ఇంట్లో ఒకటి ఉంది, ఆంటీని ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి ఈయన వెనకాల నిలబడి జడ వేస్తే చాలు, ఆపేస్తే మళ్ళీ బిగుసుకుంటుంది. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. సార్ గడ్డం రుద్దుకున్నాడు. "మంచి ఐడియానే. రోజూ చెయ్యాలె. నిలబడే చెయ్యాలె. చాన దినాలు పడతది" అన్నాడు.

ఆంటీ అప్పటిదాకా నేల చూస్తోంది. "ఎన్నాళ్ళు పడుతుందండీ?" అని అడిగింది.

"ఈ వయసుల ఆపుడే వద్దమ్మా. షురూ చేసినంక చేస్తనే ఉండాలె."

ఆవిడ కుడి చెయ్యి పొట్ట మీద నుంచి లేచింది. మొహం ముందుగా, తల పక్కగా, పైకి, ఫ్యాను రెక్కలకి తగులుతుందేమో అన్నంత పైకి వెళ్ళి నిలబడింది. "అయితే నాది చూసీసుకోండి మరి" అంది. అక్క నోరు తెరిచింది. "అమ్మా, మొన్న వీడియోలో..." అంది. "ఇవాళ పొద్దున్నే తగ్గిందే" అంది ఆంటీ. గార్డు గారు ఆ చేతిని చూసి ఆశ్చర్యపోవడం మర్చిపోయాడు. మర్చిపోయానని గుర్తొచ్చినట్టు ఒక క్షణం ఆలస్యంగా, "అరె" అన్నాడు. ఆంటీ ఆయన వైపు చురుగ్గా చూసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆ తుడవడం చాలాసేపు సాగింది. తర్వాత ఆయన లోపలికి వెళ్ళి టేపు తెచ్చి, "స్టూలు ఎంత ఎత్తుండాలి?" అని మా సార్‌ని అడిగాడు.

నేను పర్మనెంట్ అయ్యాను. ఒకే ఇంట్లో రెండో పేషెంటుని పట్టుకొచ్చిన జూనియర్‌ని సార్ అంతకు ముందు చూడలేదట. కానీ నా అసలు మంట వేరే. ఆ వారంలోనే ఆ వీధి వీధంతా పాకిపోయిన కథ ఏమిటంటే, ఆ చిన్నపిల్ల నెలల తరబడి తంటాలు పడ్డా లేవని చెయ్యి, పెద్ద డాక్టరు గారు గుమ్మంలో అడుగు పెట్టగానే లేచిందట. ఆయన హస్తవాసి అలాంటిదట. చెప్పింది ఎవరో కాదు, మా ఆంటీయే. పక్కింటావిడ నన్ను మెట్ల దగ్గర ఆపి, "మీ సార్ ఇంటికొస్తారా? మిమ్మల్ని కాదు, ఆయన్నే" అని అడిగింది. ఆంటీని నిలదీస్తే, "మరి ఏటని చెప్పమంటావు? ఉన్నదున్నట్టు చెప్పీమంటావా?" అంది. చెప్పమనలేను. ఊరుకోలేను. గార్డు గారి వ్యాయామాలు నేర్పించి, ఆయనవీ నేనే చేసి చూపించి (మొగుడూ పెళ్ళాలిద్దరిదీ ఒకటే పద్ధతి), ఆఖరి రోజు కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని లేచాను.

"ఇవాళైనా కూచో, అన్నం తినీసి వెళ్ళు. తలంటుకున్నాను, ఈయన జడ వేసీగానే వడ్డించీస్తాను" అంది ఆంటీ స్టూలెక్కుతూ. నాకు ఇంకా కోపం తగ్గలేదు. వేరే పేషెంట్లున్నారని చెప్పి, మొహం ముడుచుకుని, సంచి సర్దుకుని బయటికొచ్చేశాను. నిజానికి ఆ పూట నాకు ఎవరూ లేరు.

గేటు దగ్గర స్కూటీ తిప్పుతుంటే తెరిచి ఉన్న కిటికీలోంచి ఆయన గొంతు వినిపించింది. బెల్లు కొట్టేవాళ్ళెవరూ లేరు కాబట్టి తీరిగ్గా, ఎవరికీ వినిపించాలని కాకుండా చెబుతున్నాడు. "బ్రేకు పడింది. సిగ్నలు లేదు, స్టేషను లేదు. దిగి చూద్దును కదా, పట్టాల మీద..." అన్నాడు. నేను హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించేసుకున్నాను. స్కూటీ స్టార్ట్ చేశాను.

ఇప్పుడు నాకూ ఒక చిన్న క్లినిక్ ఉంది. కొత్తగా చేరిన అమ్మాయిలు ఇళ్ళకి వెళ్ళొచ్చి, మొహాలు ఎర్రగా చేసుకుని, "మేడం, అస్సలు చేస్తలేరు" అంటూ సంచి బల్ల మీద పడేస్తే నాకు నవ్వొస్తుంది. ఆపుకుంటాను. వాళ్ళలో ఎవరో ఒకరి వెనకాల, హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించి, ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేకపోయినా ఎంతో తొందరలో ఉన్న ఒక పిల్ల కనిపిస్తుంది. ఒక్క పావుగంట ఆగవే అని దాన్ని ఆ మారేడ్‌పల్లి గేటు దగ్గరే పట్టుకుని ఆపాలనిపిస్తుంది. ఆ పట్టాల మీద ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.